ఖజానా తలుపుకు మూడు తాళాలు

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రభుత్వ డబ్బు ఎవరి చేతుల మీదుగా నడుస్తుందో అడగమని కిందటి సంచికలో రాశాం. తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారం ఒకటే: బడ్జెట్‌లో డబ్బు ఉందంటారు, చేతికి మాత్రం రాదు, ఎందుకని? ఆ ప్రశ్నకు కాస్త ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న: గ్రూప్స్‌కు చదువుతున్నాను. ఆర్థిక కార్యదర్శి, వ్యయ కార్యదర్శి, కంట్రోలర్ జనరల్ ఆఫ్ అకౌంట్స్, కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) – ఈ నలుగురి పని నోట్సులో ఒకేలా కనిపిస్తోంది. దేశం డబ్బుకు తాళం చెవి అసలు ఎవరి దగ్గర ఉంటుంది?
– బైరాగిపట్టెడ, తిరుపతి

ఏ ఒక్కరి దగ్గరా ఉండదు. అలా ఉండకూడదనే ఈ ఏర్పాటంతా.

ముందు డబ్బు ఎక్కడ ఉంటుందో చూడండి. పన్నులు, తెచ్చిన అప్పులు, ఇచ్చిన అప్పుల మీద తిరిగి వచ్చిన సొమ్ము అన్నీ రాజ్యాంగం 266వ అధికరణం ప్రకారం సంచిత నిధిలో పడతాయి. చట్టసభ ఆమోదం లేనిదే అందులోంచి రూపాయి కదలదు. ఉద్యోగుల జీపీఎఫ్ (భవిష్య నిధి), డిపాజిట్ల వంటివి ప్రభుత్వం దగ్గర దాచిన పరుల సొమ్ము. అవి అదే అధికరణం కింద ప్రభుత్వ ఖాతాలో ఉంటాయి. అనుకోని ఖర్చు మీద పడితే తీయడానికి 267వ అధికరణం కింద ఆగంతుక నిధి ఉంది. కేంద్రంలో దాని మొత్తాన్ని 2021లో 500 కోట్ల నుంచి 30,000 కోట్ల రూపాయలకు పెంచారు.

ఇక మనుషుల సంగతి. ఆర్థిక కార్యదర్శి అన్నది విడి కుర్చీ కాదు. ఆర్థిక మంత్రిత్వ శాఖలో ఆర్థిక వ్యవహారాలు, వ్యయం, రెవెన్యూ, ఆర్థిక సేవలు, పెట్టుబడుల నిర్వహణ, ప్రభుత్వ రంగ సంస్థలు అని ఆరు విభాగాలున్నాయి, ఒక్కోదానికి ఒక కార్యదర్శి. వాళ్లలో సాధారణంగా సీనియర్ అయినవారిని ఆర్థిక కార్యదర్శిగా ప్రకటిస్తారు. ఒక రూపాయి నోటు దొరికితే తిప్పి చూడండి, దాని మీద సంతకం ఈ అధికారిదే. మిగతా నోట్లన్నిటి మీదా రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ సంతకం ఉంటుంది.

ఆర్థిక వ్యవహారాల కార్యదర్శి కింద బడ్జెట్ విభాగం ఉంటుంది. ఎంత అప్పు, ఎప్పుడు, ఎన్నేళ్లకు అన్నది అక్కడే తేలుతుంది. రెవెన్యూ కార్యదర్శి పన్నులు రాబడతారు. వ్యయ కార్యదర్శి పని ‘వద్దు’ అనడం. మాట కటువుగా ఉంది కానీ నిజం అదే. కొత్త పథకం ఏదైనా సరే, దాని భారం రేపు ఎవరి మీద పడుతుందో అడగాల్సింది ఈ విభాగమే. రాష్ట్రాల అప్పులకు 293వ అధికరణం కింద సమ్మతి ఇచ్చేది కూడా ఇదే.

కంట్రోలర్ జనరల్ ఆఫ్ అకౌంట్స్ ఈ వ్యయ విభాగం కిందే పనిచేస్తారు. ప్రతి మంత్రిత్వ శాఖలోనూ చెల్లింపులు చేసే పే అండ్ అకౌంట్స్ కార్యాలయాలు, వాటి లెక్కలు, చెల్లింపులను ఆన్‌లైన్‌లో నడిపే పీఎఫ్‌ఎంఎస్ వ్యవస్థ ఆయన బాధ్యత. 1976కు ముందు కేంద్రం లెక్కలు రాసేదీ, వాటిని తనిఖీ చేసేదీ కాగ్ కిందే ఉండేవి. పద్దు రాసినవారే తప్పులు పట్టడం కుదరదని ఆ ఏడాది రెండిటినీ వేరు చేశారు. రాష్ట్రాల్లో మాత్రం ఇప్పటికీ ట్రెజరీలు పంపే లెక్కలను కూర్చేది కాగ్ కిందున్న అకౌంటెంట్ జనరల్ కార్యాలయమే. పరీక్షలో పొరపాటు పడేది ఇక్కడే. కాగ్ 148వ అధికరణం కింద రాజ్యాంగ పదవి, తొలగించాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతే పాటించాలి. కంట్రోలర్ జనరల్ ప్రభుత్వంలో భాగమైన అధికారి.

ఈ కుర్చీల మధ్య ఉన్న దూరం తెలియాలంటే మన దువ్వూరి సుబ్బారావు గారి ప్రయాణం చూడండి. ఆంధ్రప్రదేశ్ కేడర్ నుంచి వెళ్లి 2007లో కేంద్ర ఆర్థిక కార్యదర్శి అయ్యారు. 2008 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ అయ్యారు. మొదటి కుర్చీ ప్రభుత్వానికి అప్పు కావాలని అడిగేది. రెండోది ఆ అప్పును మార్కెట్లో నడిపిస్తూనే ధరలు పెరగకుండా చూడాల్సింది. ఆ రెండింటికీ నిత్యం కొంత పేచీ ఉండటమే ఆరోగ్యం.

ప్రశ్న: రోడ్డు మరమ్మతు చేసి ఏడు నెలలయింది. ఎంబీ (కొలతల పుస్తకం) రాశారు, బిల్లు ఎక్కించారు. బడ్జెట్ ఉందని ఆఫీసులో అంటున్నారు. డబ్బు పడలేదు. వడ్డీకి తెచ్చి పెట్టినాను. ఎక్కడ ఆగినట్టు?
– పలమనేరు, చిత్తూరు జిల్లా

బడ్జెట్ ఉందన్న మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ అది మూడు తాళాల్లో మొదటిది మాత్రమే.

మొదటి తాళం అధికారం. శాసనసభ ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదిస్తే ఆ పద్దు కింద ఏడాదిలో ఇంత ఖర్చు చేయవచ్చన్న అనుమతి వస్తుంది. అనుమతి అంటే డబ్బు కాదు. రెండో తాళం విడుదల. ఆ అనుమతిలో ఈ విడతకు ఎంత వాడుకోవచ్చో ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. అది లేకుండా బిల్లు పెడితే వ్యవస్థే తీసుకోదు, లేదా ట్రెజరీ తిప్పి పంపుతుంది. మూడో తాళం నగదు. పాసైన బిల్లులన్నిటికీ ఆ రోజు రాష్ట్రం ఖాతాలో సరిపడా లేకపోతే వరుస పెడతారు. జీతాలు, పింఛన్లు, అప్పుల వాయిదాలు, వడ్డీలు ముందు. పనుల బిల్లులు వెనక. ఇది న్యాయమా అంటే, పని చేసి చేతులు కాల్చుకున్నవారికి న్యాయం కాదు. ఒప్పందం మీద సంతకం పెట్టిన ప్రభుత్వం మాట నిలబెట్టుకోవాలని మేమూ అంటాం. కానీ మీ బిల్లు ఏ తాళం దగ్గర ఉందో తెలిస్తేనే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

రాష్ట్ర చెల్లింపులు నడిచే సీఎఫ్‌ఎంఎస్ సైట్లో ఆర్థిక సంవత్సరం, బిల్లు నంబరు ఇచ్చి దశ చూడండి. బిల్లు నంబరే లేదంటే, శాఖ తరఫున బిల్లు పెట్టాల్సిన డ్రాయింగ్ అధికారి ఇంకా పెట్టనట్టు, అప్పుడు ట్రెజరీ చుట్టూ తిరిగి లాభం లేదు. అభ్యంతరంతో తిరిగి వచ్చి ఉంటే ఆ అభ్యంతరం కాగితం మీద తీసుకోండి. ట్రెజరీ పాస్ చేశాక ఆగితే అది నగదు వరుస. ఆ దశలో ట్రెజరీ గుమాస్తా చేయగలిగింది ఏమీ లేదు.

తిరిగి వచ్చే బిల్లుల్లో తప్పులు ఎక్కువగా ఈ మూడు చోట్లే. ఎంబీలో కొలత ఒకటి, బిల్లులో మొత్తం ఒకటి. పద్దు తప్పు: మరమ్మతు రెవెన్యూ ఖర్చు, 3054 కింద రావాలి. కొత్త రోడ్డు మూలధన ఖర్చు, 5054 కింద రావాలి. మీది మరమ్మతు కనుక అనుమతి కాగితంలో ఏ అంకె ఉందో చూడండి. మూడోది బ్యాంకు ఖాతా. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిశాయి, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు మారాయి. మన జిల్లాల్లో ఆ రెండు బ్యాంకుల ఖాతాలు ఎన్నో. పాత కోడ్ మిగిలిపోయి ఉంటే, బిల్లు పాసైనా డబ్బు వెళ్లి వెనక్కి వస్తుంది.

చేతికి వచ్చేది బిల్లు మొత్తం కాదని కూడా గుర్తుంచుకోండి. ఆదాయపు పన్ను కింద వ్యక్తులకు 1 శాతం, సంస్థలకు 2 శాతం పట్టుకుంటారు. ఒప్పందం విలువ 2.5 లక్షలు దాటితే జీఎస్టీ టీడీఎస్ (చెల్లింపులోనే పట్టుకునే పన్ను) 2 శాతం. నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు 1 శాతం. పన్ను కోతల సర్టిఫికెట్లు అడిగి తీసుకుంటే రిటర్నులో సర్దుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం మార్చి 31. ఆ రాత్రితో ఏడాది అనుమతి చెల్లిపోతుంది. అప్పటికి చెల్లించని బిల్లు కొత్త ఏడాది బడ్జెట్ కింద మళ్లీ మొదటి తాళం నుంచి రావాలి. ఫిబ్రవరిలోనే డ్రాయింగ్ అధికారికి రాతపూర్వకంగా గుర్తు చేసి, ఆ కాగితం మీద రసీదు ముద్ర వేయించుకోండి.

మీలా పని చేసినవారికి కాక, సరుకు సరఫరా చేసే చిన్న పరిశ్రమలవారికి ఇంకో దారి ఉంది. ఒప్పందానికి ముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల నమోదు) ఉన్నవారికి 45 రోజుల్లోగా చెల్లించాలని చట్టం. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు, కొనుగోలుదారు ప్రభుత్వ శాఖ అయినా సరే.

ప్రశ్న: ఢిల్లీలో పెద్ద ఖజానా అధికారులు బడ్జెట్ అయ్యాక మిగతా పదకొండు నెలలు ఏం చేస్తారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

ముందు లెక్క ఎంత పెద్దదో చూడండి. 2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాలో మొత్తం ఖర్చు 50.65 లక్షల కోట్లు. అప్పులు కాకుండా వచ్చేది 34.96 లక్షల కోట్లు. తేడా 15.69 లక్షల కోట్లు, అదే ద్రవ్యలోటు, జీడీపీలో 4.4 శాతం. వడ్డీలకే 12.76 లక్షల కోట్లు. అంటే ఖర్చు చేసే ప్రతి నాలుగు రూపాయల్లో ఒకటి పాత అప్పుల వడ్డీకి పోతుంది.

ఇది ఏడాది లెక్క. అధికారి బల్ల మీద ఉండేది రోజు లెక్క. జీఎస్టీ ఎక్కువగా నెలలో 20వ తేదీ చుట్టూ వస్తుంది. ముందస్తు ఆదాయపు పన్ను జూన్ 15 నాటికి 15 శాతం, సెప్టెంబరు 15కు 45, డిసెంబరు 15కు 75, మార్చి 15కు పూర్తిగా. ఖర్చు ఈ తేదీల కోసం ఆగదు. రాష్ట్రాల పన్నుల వాటా మామూలుగా 10వ తేదీన పోవాలి, జీతాలు నెలాఖరున, బాండ్ల వడ్డీ ఆరు నెలలకోసారి ఏ తేదీన పడితే ఆ తేదీన. ఏప్రిల్, మే నెలల్లో రాబడి పలచన, ఖర్చు మాత్రం యథాతథం. అందుకే 14.82 లక్షల కోట్ల స్థూల మార్కెట్ అప్పులో 8 లక్షల కోట్లను మొదటి ఆరు నెలలకే పెట్టుకున్నారు.

ఏడాదంతా జరిగే పని ఈ తేదీలను కలపడమే. 91, 182, 364 రోజుల ట్రెజరీ బిల్లుల వేలం బుధవారాల్లో, ఏళ్ల గడువుండే బాండ్ల వేలం సాధారణంగా శుక్రవారాల్లో. ఇంకా తక్కువ రోజుల అవసరానికి క్యాష్ మేనేజ్‌మెంట్ బిల్లులు ఉన్నాయి. ఎక్కువ తెచ్చుకుంటే డబ్బు ఊరికే పడి ఉండి వడ్డీ దండగ. తక్కువ తెచ్చుకుంటే రిజర్వ్ బ్యాంక్ దగ్గర చేబదులు. రెండు వైపులా నష్టమే కనుక, ప్రతి శాఖ నెలకు ఎంత, మూడు నెలలకు ఎంత తీస్తుందో ముందే చెప్పించుకుంటారు. చివరి మూడు నెలల్లో 33 శాతం, మార్చిలో 15 శాతం మించకూడదన్న హద్దు కూడా అందుకే పెట్టారు. ఏడాది చివర ఎడాపెడా ఖర్చు పెట్టడం ఆర్థిక నియమాల ప్రకారమే తప్పు. ఆ తొందరలో కొన్న పరికరాలు పెట్టెల్లోనే తుప్పుపట్టడం ఏ ఊళ్లో ఆసుపత్రికో, బడికో వెళ్లినా కనిపిస్తుంది.

డబ్బు పథకం పేరుతో బ్యాంకు ఖాతాల్లో ముందే చేరి నిద్రపోవడం ఇంకో జబ్బు. 2021 నుంచి కేంద్ర ప్రాయోజిత పథకాలకు రాష్ట్రంలో పథకానికి ఒకే నోడల్ ఖాతా పెట్టించారు. ఇప్పుడు స్పర్శ్ పద్ధతిలో చెల్లించే క్షణానికే డబ్బు విడుదలయ్యేలా మారుస్తున్నారు. ఇది మంచి మార్పని మా అభిప్రాయం. అయితే కేంద్రం వాటా, రాష్ట్రం వాటా రెండూ ఒకే సమయానికి సిద్ధంగా లేకపోతే చెల్లింపు మొత్తం ఆగుతుంది.

కంట్రోలర్ జనరల్ కార్యాలయం నెలనెలా లెక్కలు బయటపెడుతుంది. ఒక నెల లెక్క తర్వాతి నెల చివరన వస్తుంది, మార్చిది మాత్రం మే చివరన. చదివేటప్పుడు ఒకటి మరవకండి: ఇవి నగదు లెక్కలు. పని జరిగి డబ్బు ఇవ్వని బకాయి అందులో ఖర్చుగా కనిపించదు. పలమనేరు పాఠకుడి బిల్లు లాంటివి ఎన్ని ఆపితే లోటు కాగితం మీద అంత తక్కువగా కనిపిస్తుంది. అందుకే లోటు తగ్గిందన్న వార్త చదివినప్పుడు బకాయిలు పెరిగాయేమో కూడా అడగాలి.

ప్రశ్న: రాష్ట్రం ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉందని పేపర్లో చదివితే భయమేస్తుంది. మా నాయన పింఛనుకు ఢోకా ఉందా? దివాలా తీసినట్టేనా?
– కుప్పం

దివాలా కాదు, కానీ పదేపదే వస్తే మంచి సూచన కాదు.

రాష్ట్రాల నగదు నిల్వ లెక్కను రిజర్వ్ బ్యాంక్ నాగపూర్ విభాగం చూస్తుంది. నిల్వ తరిగితే మొదట, రాష్ట్రం దాచుకున్న నిధుల మీద ప్రత్యేక సదుపాయం వాడుకుంటారు. అదీ చాలకపోతే పత్రికలు చేబదులు అనే వేస్ అండ్ మీన్స్ అడ్వాన్సు, రెపో రేటుకు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంక్ అప్పిచ్చే రేటు). దాని హద్దు కూడా దాటితే ఓవర్‌డ్రాఫ్ట్. దానికి వడ్డీ రెపోపై 2 శాతం ఎక్కువ, ఇంకా మితిమీరితే 5 శాతం ఎక్కువ. వరుసగా 14 పనిదినాలు, లేదా మూడు నెలల్లో మొత్తం 36 పనిదినాలు దాటితే రిజర్వ్ బ్యాంక్ చెల్లింపులు ఆపేయగలదు. కరోనా సమయంలో 2020లో ఈ గడువులను 21, 50 రోజులకు సడలించి తర్వాత పాత స్థితికి తెచ్చారు.

రాష్ట్ర బాండ్ల వేలం మంగళవారం, డబ్బు బుధవారం చేరుతుంది. ఒకటో తేదీకి ముందు వచ్చే మంగళవారం రాష్ట్ర ఆర్థిక శాఖకు ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టే తెలుస్తుంది. అలాగని ఎంతైనా తెచ్చుకోలేరు. 15వ ఆర్థిక సంఘం కాలంలో 2023-24 నుంచి 2025-26 వరకు మామూలు హద్దు రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం, విద్యుత్ సంస్కరణలు చేస్తే మరో 0.5 శాతం. కార్పొరేషన్ల పేరుతో తెచ్చి బడ్జెట్ నుంచి తీర్చే అప్పులనూ ఇందులోనే కలుపుతున్నారు.

మీ నాయన పింఛను వరుసలో ముందుంటుంది. ఒకటి రెండు రోజుల ఆలస్యం వేరు, ఎగవేత వేరు. ఏదైనా నెల మీ నాయనకు పింఛను పడక, తోటివారికి పడి ఉంటే, అది నగదు కొరత కాదు. చాలాసార్లు జీవన ప్రమాణ పత్రం అందక ఆగి ఉంటుంది. ముందు అది చూసుకోండి.

ప్రశ్న: అప్పు ఎందుకు? నోట్లు ముద్రించుకుంటే సరిపోదా?
– శ్రీకాళహస్తి

ఒకప్పుడు ఇంచుమించు అదే చేశారు. కేంద్రం నగదు నిల్వ 50 కోట్ల కంటే తగ్గితే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు వాటంతట అవే పుట్టి, రిజర్వ్ బ్యాంక్ డబ్బు జమ చేసేది. వాటి వడ్డీ 1974 నుంచి 4.6 శాతం దగ్గరే ఆగిపోయింది. తాత్కాలికమన్నది శాశ్వతమైంది, కొత్త డబ్బు బజారులోకి వచ్చి ధరలు ఎగదోసింది. సి. రంగరాజన్ గవర్నరుగా ఉన్నప్పుడు 1994లో ఒప్పందం చేసుకుని, 1997 ఏప్రిల్ 1 నుంచి ఆ పద్ధతి ఆపేశారు. తర్వాత 2003 ఆర్థిక బాధ్యత చట్టం, 2006 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ బాండ్లను రిజర్వ్ బ్యాంక్ నేరుగా కొనకూడదని కట్టడి చేసింది. ధర పెరిగితే ముందు దెబ్బ తినేది కూలీ చేసుకునేవారే. ఆ తలుపు మూసి ఉండటమే మంచిది.

ప్రశ్న: తిరుమల హుండీ డబ్బు ప్రభుత్వ ఖజానాకు పోతుందని మా ఇంట్లో వాదన. నిజమా?
– రేణిగుంట

పోదు. పైన చెప్పిన సంచిత నిధిలో అది పడదు. తితిదే 1987 దేవాదాయ చట్టం కింద నడిచే సంస్థ. పరకామణిలో లెక్కించిన కానుకలు తితిదే ఖాతాల్లోకి వెళతాయి. దాని బడ్జెట్‌ను ధర్మకర్తల మండలి ఆమోదిస్తుంది, శాసనసభ కాదు. లెక్కలు చూసేది తితిదే ఆర్థిక సలహాదారు, ముఖ్య గణాంకాధికారి. తిరుపతిలోని జిల్లా ట్రెజరీకి ఆ సొమ్ముతో పనిలేదు.

ప్రశ్న: ఛలానా వేరే పద్దుకు కట్టేశాను. డబ్బు పోయినట్టేనా?
– పుత్తూరు

పోలేదు. అది ప్రభుత్వానికి చేరింది, పేరు మారిందంతే. ఛలానాలో మొదటి నాలుగు అంకెలు మేజర్ హెడ్, దేశమంతటా ఒకటే: రిజిస్ట్రేషన్, స్టాంపులకు 0030, వాహన పన్నుకు 0041, భూమి శిస్తుకు 0029. సున్నాతో మొదలైతే రాబడి, 2 లేదా 3తో అయితే రెవెన్యూ ఖర్చు, 4 లేదా 5తో అయితే మూలధనం, 8తో అయితే చాలావరకు డిపాజిట్ల వంటి ప్రభుత్వ ఖాతా.

ఛలానా నకలు, బ్యాంకు లావాదేవీ నంబరు జతచేసి, మీకు పని చేసిపెట్టాల్సిన శాఖ అధికారికి దరఖాస్తు ఇవ్వండి. ట్రెజరీకి కాదు. డబ్బు జమ అయిందని ట్రెజరీ ధ్రువీకరిస్తుంది. ఆ నెల లెక్క అకౌంటెంట్ జనరల్‌కు వెళ్లకముందే అడిగితే పద్దు సవరణ ట్రెజరీలోనే తేలిపోతుంది. వెళ్లిపోయాక సవరణ అక్కడి దాకా రాసి చేయించాలి, నెలలు పడుతుంది. డబ్బే వెనక్కి కావాలంటే వాపసు ఉత్తర్వు ఇవ్వాల్సింది, ఎవరి పద్దులో జమ అయిందో ఆ శాఖ. కాబట్టి ఇవాళే వెళ్లండి, నెలాఖరు దాటనివ్వకండి.